తిరుపతి పెరట్లో తేనెపెట్టె: మొదటి ఏడాది ఏం చేయాలి

తేనెటీగలను ఇంట్లో పెంచుకోవాలనుకునేవారు ముందుగా పెట్టె ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. పెట్టె కొనడం ఒక పూట పని. ఆ పెట్టెలో ఈగలు ఏడాది పొడవునా నిలిచి ఉండేలా చూసుకోవడమే అసలు పని. మన ప్రాంతపు తేనెటీగకు ఎండ తాళలేనంతగా ఉన్నా, తిండి కరువైనా, చీమలు విసిగించినా, మనిషి రోజూ మూత ఎత్తి చూసినా, గుంపు మొత్తం తెట్టెలను వదిలి ఒక ఉదయం లేచిపోతుంది. నా మొదటి గుంపు అలాగే పోయింది. మేడ మీద రేకు కింద పెట్టె పెట్టి నీడ ఉంది కదా అనుకున్నాను. మే నెల రెండో వారంలో రేకు వేడికి తెట్టెలు మెత్తబడి జారాయి, మరునాటికి పెట్టెలో నాలుగు చచ్చిన ఈగలు, కొంత మైనం మాత్రమే మిగిలాయి. అందుకని ఈ వ్యాసంలో తేనె తీయడం గురించి తక్కువగానూ, ఈగలను నిలుపుకోవడం గురించి ఎక్కువగానూ రాస్తున్నాను.

ఏ ఈగను పెంచాలి

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో తేనె పెట్టే ఈగలు కొన్ని రకాలు ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం మొదటి పాఠం. కొండ తేనెటీగ పెద్దది. కొండ చరియలకూ, ఎత్తైన చెట్లకూ, ఊళ్ళోనైతే నీళ్ళ ట్యాంకులకూ, అపార్ట్‌మెంట్ల బాల్కనీల అంచులకూ ఒకే ఒక పెద్ద తెట్టెను వేలాడదీస్తుంది. జుంటీగ చాలా చిన్నది. కంచె కొమ్మకో నిమ్మచెట్టుకో అరచేయి వెడల్పు తెట్టె కడుతుంది. ఈ రెండూ ఆరుబయట, వెలుతురులో, ఒకే తెట్టెగా కాపురం ఉండేవి కాబట్టి ఎంత మంచి పెట్టె చేయించినా అందులో నిలవవు. బాల్కనీకి పట్టిన కొండ తేనెను పెట్టెలోకి మార్చి ఇమ్మని నన్ను అడిగినవారు చాలామంది ఉన్నారు. అది అయ్యే పని కాదు.

పెట్టెకు పనికివచ్చేది పుట్ట తేనెటీగ. దీన్నే భారతీయ తేనెటీగ అనీ, తొర్ర తేనెటీగ అనీ అంటారు. శాస్త్రీయ నామం ఏపిస్ సెరానా ఇండికా. చెదపుట్టల్లో, చెట్టు తొర్రల్లో, పాత రాతి గోడల సందుల్లో, పాడుబడిన బావి దరుల్లో ఇది పక్కపక్కనే సమాంతరంగా చాలా తెట్టెలు పెడుతుంది. చీకటి గూడు దీనికి అలవాటు కాబట్టి పెట్టె దీనికి కొత్త కాదు. పెట్టెల్లో పెరిగే మరో ఈగ ఐరోపా తేనెటీగ. ఇది 1962లో హిమాచల్ ప్రాంతంలోని నగ్రోటాలో మన దేశంలో నిలదొక్కుకుంది. దాని గుంపు పెద్దది, తేనె కూడా ఎక్కువ. ఏడాదికి పెట్టెకు 25 కిలోలకు పైగా ఇచ్చే సందర్భాలు ఉన్నాయి. అయితే అంత తేనె రావాలంటే పూలు ఉన్న చోటికల్లా పెట్టెలను లారీలో తరలించాలి, పూలు లేనప్పుడు ఎక్కువ పంచదార పోయాలి, వరోవా అనే నల్లి బెడదను ఎప్పటికప్పుడు చూసుకోవాలి. పుట్ట తేనెటీగకు ఆ నల్లితో తరతరాల పరిచయం ఉంది, ఒకదాని ఒంటిమీది నల్లిని మరొకటి ఏరి పారేస్తుంది. ఏడాదికి 5 నుంచి 8 కిలోల తేనె వస్తే మంచి ఏడాది అనుకోవాలి. పెరట్లో పెట్టుకుని ఉద్యోగమో వ్యవసాయమో చేసుకునే మనిషికి ఇదే తగినదని నా అభిప్రాయం. తేనె వ్యాపారమే లక్ష్యమైతే లెక్క వేరు.

గోడ పగుళ్ళలో, కరెంటు పైపుల్లో కాపురం ఉండే చిన్న నల్లటి కుట్టని ఈగలు కూడా ఉన్నాయి. వాటి తేనె పుల్లగా, కొద్దిగా ఉంటుంది. ఆ పెంపకం పద్ధతి పూర్తిగా వేరు కాబట్టి ఇక్కడ చెప్పడం లేదు.

పెట్టె కంటే ముందు పూలు

పుట్ట తేనెటీగ సాధారణంగా గూటి నుంచి కిలోమీటరు దూరం లోపలే మేతకు తిరుగుతుంది. కాబట్టి మీ ఇంటి చుట్టూ కిలోమీటరులో ఏ నెలలో ఏం పూస్తుందో రాసి పెట్టుకోవడం పెట్టె కొనడానికి ముందే చేయవలసిన పని. మన దగ్గర చలికాలంలో కుంకుడు, మార్గశిరం నుంచి మాఘం దాకా మామిడి, ఆ వెంటనే మునగ, ఉగాది చుట్టుపక్కల వేప, కానుగ, నేరేడు, శేషాచలం అంచున ఉన్నవారికి ఏప్రిల్, మే నెలల్లో ఎర్రచందనం, ఆ తరువాత చింత పూస్తాయి. కొబ్బరి చెట్లు ఏడాది పొడవునా పుప్పొడి ఇస్తాయి. వానాకాలం చివర రేగు పూస్తుంది. చేలల్లో నువ్వులు, పొద్దుతిరుగుడు ఉన్న ఊళ్ళవారు అదృష్టవంతులు.

ఇక్కడ ఒక భ్రమను తొలగించాలి. చిత్తూరు జిల్లా అంటే మామిడి జిల్లా కాబట్టి తేనెకు లోటు ఉండదని అందరూ అనుకుంటారు. మామిడి పూతలో మకరందం తక్కువ. దాని పూల మీద వాలే కీటకాల్లో తేనెటీగలు కాని మామూలు ఈగలదే పెద్ద వాటా. దానికి తోడు, పూత సమయంలో తేనెమంచు పురుగు కోసం తోటల్లో గట్టి మందులు కొడతారు. పేరులో తేనె ఉన్న ఆ పురుగును చంపడానికి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు తేనెటీగకు ప్రాణాంతకాలు. పెట్టె ముందు ఒకే ఉదయం గుప్పెళ్ళ కొద్దీ ఈగలు నాలుక బయటపెట్టి చచ్చి పడి ఉంటే, దగ్గరలో మందు కొట్టారని అర్థం. తోటలు దగ్గరగా ఉన్నవారు ఆ రైతులతో ముందుగానే మాట్లాడి పెట్టుకోవాలి. పూత విచ్చుకోక ముందు ఒకసారి, పిందె కట్టాక మరోసారి కొట్టగలరేమో, పూల మీద కొట్టక తప్పదంటే చీకటి పడ్డాక కొట్టగలరేమో అడగాలి. వారు ఒక రోజు ముందు కబురు పెడితే చీకటి పడ్డాక పెట్టె ద్వారానికి సన్నటి జాలీ కట్టి, మరునాడు మధ్యాహ్నం దాకా ఈగలను లోపలే ఉంచవచ్చు. గాలి ఆడాలి, లోపల నీళ్ళు ఉండాలి, అంతకంటే ఎక్కువ సేపు మూయరాదు. ఇంటి చుట్టూ తోటలే ఉండి, వాటిలో నెలకు రెండుసార్లు మందు కొడుతూ ఉంటే అక్కడ పెట్టె పెట్టకపోవడమే మంచిది.

స్థలం

తిరుపతి ఎండలో స్థలం ఎంపిక తప్పితే మిగతావన్నీ సరిగా చేసినా ప్రయోజనం ఉండదు. పిల్లలు పెరిగే తెట్టెల దగ్గర ఈగలు ఎప్పుడూ 34, 35 డిగ్రీల వేడిని నిలుపుకుంటాయి. బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు సగం ఈగలు నీళ్ళు తెచ్చి రెక్కలతో విసురుతూ గూటిని చల్లబరచడంలోనే అలిసిపోతాయి. కాబట్టి పొద్దున తొమ్మిది గంటల దాకా లేత ఎండ తగిలి, ఆ తరువాత సాయంత్రం వరకు చెట్టు నీడ పడే చోటు చూడాలి. వేప, సపోటా, మామిడి చెట్ల కింది నీడ శ్రేష్ఠం. రేకుల కింద, సిమెంటు గోడకు ఆనించి, మేడ మీద పెట్టవద్దు. మేడ తప్ప మరో దారి లేకపోతే కొబ్బరాకుల పందిరి వేసి, పెట్టె పైన తడి గోనెసంచి ఉంచి, మార్చి నుంచి జూన్ దాకా రోజుకు రెండుసార్లు తడపాలి. అంత శ్రద్ధ కుదరదనుకుంటే మానుకోండి.

ద్వారం తూర్పుకో ఆగ్నేయానికో ఉంటే ఈగలు త్వరగా పనికి బయలుదేరుతాయి. ద్వారానికి ఎదురుగా మనుషులు నడిచే దారి ఉండకూడదు. తప్పకపోతే ద్వారం ముందు ఆరడుగుల దడి కట్టాలి. ఈగలు దాన్ని దాటడానికి పైకి ఎగిరి మన తలల మీదుగా వెళ్ళిపోతాయి. రాత్రిపూట వరండా లైటు పెట్టె మీద సూటిగా పడకుండా చూడాలి. నీళ్ళ కోసం వెడల్పాటి మట్టి పళ్ళెంలో గులకరాళ్ళు పోసి, రాళ్ళు మునగనంత మట్టుకు నీళ్ళు నింపి, పెట్టె తెచ్చిన మొదటి రోజు నుంచే అక్కడ ఉంచాలి. ఆలస్యం చేస్తే అవి పక్కింటి కుళాయికి అలవాటు పడతాయి, ఒకసారి అలవాటు పడ్డాక మాన్పించడం కష్టం, ఆ తరువాత పక్కింటివారితో మాట పడవలసి వస్తుంది. పక్కింటివారికి విషయం ముందే చెప్పి, వారి ఇంట్లో తేనెటీగ కుడితే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చేవారు ఎవరైనా ఉన్నారా అని అడగడం మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా. అలాంటివారు మీ ఇంట్లోనే ఉంటే పెట్టెను మీ తోటలోనో బంధువుల పొలంలోనో పెట్టుకోండి.

పెట్టె, పనిముట్లు

ఈగలు తమ తెట్టెల మధ్య రాకపోకలకు సుమారు 8, 9 మిల్లీమీటర్ల సందు వదులుతాయి. అంతకంటే సందు ఇరుకైతే జిగురుతో పూడుస్తాయి, వెడల్పయితే అందులో మరో తెట్టె కడతాయి. ఈ కొలత ఆధారంగా, తెట్టెలు కట్టుకునే కొయ్య చట్రాలను, అంటే ఫ్రేములను, పైకి ఎత్తి చూడగలిగే పెట్టెను 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ రూపొందించాడు. మన పుట్ట తేనెటీగకు తగినట్టు దాన్ని చిన్నదిగా చేసి 1911 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ తయారుచేసిన పెట్టె నేటికీ దక్షిణాదిలో న్యూటన్ పెట్టె పేరుతో వాడుకలో ఉంది. భారతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఐ) నిర్ణయించిన ‘ఎ’ రకం పెట్టె కూడా ఇంచుమించు అదే పరిమాణం. దాని పిల్లల అరలో, అంటే గుడ్లు, పిల్లలు ఉండే కింది అరలో, ఫ్రేము లోపలి కొలత 21 సెంటీమీటర్ల పొడవు, 14.5 సెంటీమీటర్ల ఎత్తు. ఏ రకం కొన్నా ఫరవాలేదు. మీ దగ్గర ఉన్న పెట్టెలన్నీ ఒకే రకం కావాలి. రెండు రకాలుంటే ఒకదాని ఫ్రేము మరొకదానిలో పట్టదు, గుంపులను కలపవలసి వచ్చినప్పుడు, విడదీయవలసి వచ్చినప్పుడు చేతులు కట్టేసినట్టు అవుతుంది.

పెట్టెలో కింద అడుగుపలక, దాని మీద పిల్లల అర, ఆ పైన తేనె అర, లోమూత, వానకు తట్టుకునే పైమూత ఉంటాయి. వడ్రంగి చేత చేయించేవారు బాగా ఆరిన, ఘాటు వాసన లేని కొయ్యను ఎంచుకోవాలి. లోపల రంగుగానీ వార్నిష్‌గానీ వేయించరాదు. స్టాండు నాలుగు కాళ్ళూ నాలుగు నీళ్ళ గిన్నెల్లో నిలబడాలి. ఆ గిన్నెల్లో నీళ్ళు ఎండిపోయిన రాత్రే చీమలు ఎక్కుతాయి, మరో రాత్రి కోసం ఆగవు. నీళ్ళ మీద కొద్దిగా వాడిన నూనె పోస్తే త్వరగా ఆవిరి కావు, దోమలూ గుడ్లు పెట్టవు.

ఇవి కాక ముఖానికి వలటోపీ, పొగడబ్బా, ఫ్రేములను కదిలించే చిన్న ఇనుప పట్టీ, ఈగలను మెల్లగా తోసే మెత్తటి బ్రష్షు ఉంటే చాలు. తేనె తీసే యంత్రం మొదటి ఏడాది కొనవద్దు. చేతి తొడుగులు వేసుకుంటే చేతికి స్పర్శ తెలియక ఈగలను నలిపేస్తాం, నలిగిన ఈగ వాసనకు మిగతావి రేగుతాయి. కొన్నాళ్ళకు తొడుగులు లేకుండా పనిచేయడం అలవాటు చేసుకోవాలి.

ఈగలను తెచ్చుకోవడం

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి సంక్రాంతి తరువాత, అంటే జనవరి రెండో సగం, ఫిబ్రవరి నెలలు మొదలుపెట్టడానికి అనువైనవి. అప్పటి నుంచి నాలుగు నెలలు పూలు ఉంటాయి, గుంపు బలపడుతుంది. ఒకటి కాకుండా రెండు పెట్టెలతో మొదలుపెట్టండి. ఒకటే ఉంటే దానిలో జరుగుతున్నది సహజమో కాదో పోల్చి చూసుకోవడానికి ఏమీ ఉండదు. ఒకదానిలో రాణి పోతే రెండోదాని నుంచి గుడ్లున్న ఫ్రేము ఇచ్చి కాపాడుకోవచ్చు.

కొనేటప్పుడు మూత తెరిపించి చూడకుండా డబ్బు ఇవ్వకండి. నాకు రెండోసారి అమ్మిన మనిషి పెట్టె నిండా ఈగలు చూపించాడు. అందులో రాణి లేదని నాకు మూడు వారాలకు గాని తెలియలేదు. రాణి కంటికి కనబడకపోయినా సరే, గదుల అడుగున సన్నటి తెల్లటి పోగు ముక్కల్లా గుడ్లు కనబడాలి. గుడ్డు మూడు రోజులకు పొదిగి పురుగవుతుంది కాబట్టి గుడ్డు కనబడిందంటే మూడు రోజుల లోపల రాణి అక్కడ తిరిగిందన్నమాట. ఒక్కో గదిలో ఒక్కటే, అడుగున మధ్యలో ఉండాలి. ఒకే గదిలో నాలుగైదు గుడ్లు, అవీ గోడలకు అతుక్కుని ఉంటే రాణి పోయి కూలి ఈగలే గుడ్లు పెడుతున్నాయని అర్థం. ఆ గుంపు కొనరాదు. మూత వేసిన పిల్లగదులు మధ్యలో ఖాళీలు లేకుండా పరుచుకుని ఉండాలి, నాలుగు ఫ్రేముల నిండా ఈగలు ఉండాలి.

ప్రకృతిలో ఉన్న గుంపును పెట్టెలోకి తెచ్చుకోవడం రెండో మార్గం. మా వైపు యానాదులకు పుట్టలో ఏ పక్కన తెట్టె ఉందో ఈగల రాకపోకలు చూసే చెప్పగల నేర్పు ఉంది. మొదటిసారి అలాంటి అనుభవజ్ఞుల తోడు లేకుండా వెళ్ళవద్దు. పొలంలోనో ఇంటి గోడలోనో ఉన్న గుంపునే తీయాలి. శేషాచలం వంటి రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళి పుట్ట తవ్వడం నేరం. పొద్దు వాలుతుండగా పని మొదలుపెట్టి, కొద్దిగా పొగ ఊది, తెట్టెలను ఒక్కొక్కటిగా కోయాలి. పిల్లలున్న తెట్టెలను ఫ్రేము కొలతకు కత్తిరించి, పైభాగం పైకే ఉండేలా నిలబెట్టి, అరటి నారతో ఫ్రేముకు కట్టాలి. రెండు మూడు రోజుల్లో ఈగలే మైనంతో అతికించి నారను కొరికి పారేస్తాయి. తేనె ఉన్న తెట్టెలను కట్టకూడదు. బరువుకు తెగి పడతాయి, కారిన తేనెకు చీమలు వస్తాయి. రాణి పెట్టెలోకి చేరితే మిగతా ఈగలు తోక ఎత్తి రెక్కలు విసురుతూ ఒకదాన్నొకటి పిలుచుకుని వాటంతట అవే వస్తాయి. చీకటి పడ్డాక ద్వారం మూసి ఇంటికి తెచ్చి, మరునాటి ఉదయం తెరవాలి. కూలి ఈగలు దూరి, రాణి దూరలేని రాణిగేటును వారం రోజులు ద్వారానికి ఉంచితే గుంపు లేచిపోయే ప్రమాదం తగ్గుతుంది. గుంపు కుదురుకోగానే దాన్ని తీసివేయాలి.

అంత శ్రమ వద్దనుకునేవారు పాత పెట్టె లోపల తేనెమైనం రుద్ది, రెండు మూడు ఫ్రేములు పెట్టి, చెట్టు కింద నీడలో ఎత్తుగా కట్టి ఉంచవచ్చు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో విడిపోయి ఇల్లు వెతుక్కునే గుంపు వచ్చి చేరవచ్చు. రాకపోవచ్చు కూడా. మా పెరట్లో పాత పెట్టెకు అలా ఒక గుంపు వచ్చింది, నా దగ్గర ఉన్నవాటిలో అదే అన్నిటికంటే నిలకడైనది.

నేర్చుకోదలచినవారు తిరుపతి ఎస్.వి. వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్రం వారినీ, కృషి విజ్ఞాన కేంద్రాన్నీ, ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ కార్యాలయాన్నీ శిక్షణ తేదీల కోసం అడగాలి. ఖాదీ కమిషన్ 2017లో హనీ మిషన్ మొదలుపెట్టి రాయితీ మీద పెట్టెలు ఇస్తోంది. పెట్టెల సంఖ్య పెంచే ఆలోచన ఉన్నవారు జాతీయ తేనెటీగల బోర్డు వారి మధుక్రాంతి పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు.

మూత ఎప్పుడు తెరవాలి

కొత్తగా వచ్చిన గుంపును మొదటి వారం ముట్టుకోవద్దు. ఆ తరువాత పూల కాలంలో పది రోజులకు ఒకసారి, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపల, గాలీ వానా లేని రోజున తెరవాలి. పొగడబ్బాలో కొబ్బరి పీచు, పిడక ముక్క వేసి చల్లటి తెల్లటి పొగ వచ్చాక ద్వారం దగ్గర రెండుసార్లు ఊదితే చాలు. పుట్ట తేనెటీగ పొగ ఎక్కువైతే బెదిరి ఫ్రేముల మీద పరుగులు తీస్తుంది. పెట్టె పక్క నుంచి నిలబడాలి, ద్వారానికి అడ్డంగా కాదు. సెంటు, తలనూనె వాసనలూ, చెమట పట్టిన నల్లని బట్టలూ వాటికి గిట్టవు. ఫ్రేమును నిట్టనిలువుగా ఎత్తి నిలువుగానే తిప్పి చూడాలి. పక్కకు వంచితే కొత్త తెట్టె విరిగి పడుతుంది. పది నిమిషాల్లో ముగించాలి.

చూడవలసినవి మూడు: గుడ్లు ఉన్నాయా, తేనె, పుప్పొడి నిల్వ ఉందా, తెట్టె అడుగు అంచున కొత్త రాణి పెరిగే రాణిగదులు వేలాడుతున్నాయా. రాణిగది వేరుశెనగ కాయలా కిందికి వేలాడుతుంది కాబట్టి మన జిల్లా వాళ్ళకు దాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. గుంపు బలంగా ఉన్నప్పుడు అవి కనిపిస్తే పాత రాణి సగం ఈగలతో వెళ్ళిపోవడానికి సిద్ధమవుతోందని అర్థం. అప్పుడు పాత రాణి ఉన్న సగం ఫ్రేములను మరో పెట్టెలోకి మార్చి దూరంగా ఉంచి, మంచి రాణిగది ఒకదాన్ని పాత పెట్టెలోనే వదిలితే ఒక గుంపు రెండవుతుంది. గుంపు పెంచుకోవడం ఇష్టం లేకపోతే రాణిగదులను గిల్లివేసి, ఖాళీ ఫ్రేములు ఇచ్చి చోటు పెంచాలి.

ఈగ కుట్టడం ఎప్పుడో ఒకసారి తప్పదు. ముల్లు ఒంట్లో ఉన్నంతసేపూ సంచిలోని విషం లోపలికి దిగుతూనే ఉంటుంది కాబట్టి వెంటనే గోటితో పక్కకు గీరివేయాలి. ముల్లు దగ్గర వచ్చే అరటిపండు వాసన మిగతా ఈగలను రెచ్చగొడుతుంది. ఆ చోటును కడిగి, దాని మీద పొగ ఊదుకోవాలి. కుట్టిన చోట వాపు, నొప్పి సహజం. గొంతు బిగుసుకున్నా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి కళ్ళు తిరిగినా చిట్కా వైద్యాలతో కాలయాపన చేయకుండా తక్షణం ఆసుపత్రికి వెళ్ళాలి.

తిండి కరువు, శత్రువులు

చింత పూత ముగిశాక వానలు సాగేదాకా, మళ్ళీ తుఫాను రోజుల్లో, గుంపుకు బయట ఏమీ దొరకదు. లేచిపోయేవి ఎక్కువగా ఈ రెండు కాలాల్లోనే. అంత పంచదారకు అంతే నీళ్ళు కలిపి మరగబెట్టి చల్లార్చి, మూతకు సన్నటి చిల్లులు పెట్టిన సీసాలో పోసి, తేనె అరలో తలకిందులుగా ఉంచాలి. గుంపుకు వారానికి సుమారు 200 గ్రాముల పంచదార సరిపోతుంది. సాయంత్రం పూటే, అన్ని పెట్టెలకూ ఒకేసారి పెట్టాలి. చుక్క బయట ఒలికినా బలమైన గుంపు బలహీనమైనదాని మీద పడి దోచుకుంటుంది. బెల్లం నీళ్ళు, అంగడిలో కొన్న తేనె పెట్టవద్దు. మొదటిది వాటి కడుపు చెడగొడుతుంది, రెండోది ఎక్కడి రోగాన్నో మోసుకొస్తుంది.

మైనపు పురుగు బలహీనమైన గుంపులోనే చేరుతుంది. తెట్టెల్లో సాలెగూడు లాంటి దారపు సొరంగాలు కనబడితే ఆ తెట్టెను తీసి మైనం కరిగించేయాలి. ఈగలు కప్పలేనన్ని తెట్టెలు పెట్టెలో ఉంచకపోవడం, అడుగుపలకను వారానికోసారి తుడవడం దానికి నివారణ. కందిరీగలు ద్వారం ముందు కాపు కాసి ఒక్కొక్కదాన్నే ఎత్తుకుపోతాయి. దగ్గర్లో వాటి గూడు వెతికి తీయించాలి. పసిరిక పిట్టలు, తొండలు తినేవి తింటాయి, వాటితో యుద్ధం అవసరం లేదు.

భయపడవలసినది థాయి సంచి వ్యాధి. 1990ల మొదట్లో దక్షిణాదిలో పుట్ట తేనెటీగ గుంపుల్లో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టింది ఈ వైరస్సే. పిల్ల పురుగు గదిలో నీళ్ళు నిండిన సంచిలా మారి, తల పైకెత్తి పడవ ఆకారంలో చచ్చి ఉంటుంది. మందు లేదు. ఆ తెట్టెలను తీసి కాల్చివేసి, రాణిని కొన్నాళ్ళు గుడ్లు పెట్టకుండా బంధించి, పంచదార నీళ్ళతో గుంపును నిలపాలి. ఆ పెట్టె ఫ్రేములనుగానీ పనిముట్లనుగానీ రెండో పెట్టెకు తాకించరాదు.

తేనె

మొదటి ఏడాది తేనె రాకపోతే నష్టం లేదు. వస్తే, ఏప్రిల్ చివరలో తేనె అరలోని తెట్టెల గదులకు ముప్పాతిక వంతు మైనపు మూతలు వేసి ఉన్నప్పుడే తీయాలి. మూత వేయని తేనెలో నీరు ఎక్కువ, నెల తిరగకముందే పులుస్తుంది. తేనెలో నీటి శాతం 20కి మించకూడదన్నది ఆహార ప్రమాణం కూడా. వేడి నీళ్ళలో ముంచి తుడిచిన కత్తితో మూతలు కోసి, అరువు తెచ్చిన యంత్రంలో మెల్లగా తిప్పి, ఖాళీ తెట్టెలను చెక్కుచెదరకుండా తిరిగి ఇవ్వాలి. కిలో మైనం తయారు చేసుకోవడానికి ఈగలు ఆరేడు కిలోల తేనె తింటాయి కాబట్టి తెట్టెను పిండడం వాటి కష్టాన్ని నేలపాలు చేయడమే. పిల్లల అరలోని తేనె వాటిది, దానిని ముట్టుకోరాదు. పలుచని గుడ్డలో వడగట్టి, పొడి గాజు సీసాలో పోస్తే చాలు, కాచనవసరం లేదు.

చలికాలంలో తేనె గడ్డకడితే పాకం కలిసిందని అనుమానించేవారు ఉన్నారు. గ్లూకోజు ఎక్కువగా ఉన్న తేనె గడ్డకట్టడం సహజం. నీళ్ళలో చుక్క వేసి చూడటం, అగ్గిపుల్లకు రాసి వెలిగించడం, కుక్క ముందు పెట్టడం వంటి పరీక్షలతో కల్తీ తేలదు. ఏడాది నిండని పసిపిల్లలకు ఎంత శుద్ధమైన తేనె అయినా నాకించకూడదు. అందులో ఉండగల బొటులిజం బీజాలు వారికి ప్రమాదకరం. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం ఉన్న ఇళ్ళలో ఈ మాట గట్టిగా చెప్పాలి. తేనె అమ్మదలచినవారు ముందుగా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేసుకోవాలి.

వానల ముందు

దసరా నాటికి తేనె అరను తీసి దాచి, పిల్లల అరలో ఈగలు కప్పగలిగినన్ని ఫ్రేములే ఉంచి, పైమూతను తాడుతో స్టాండుకు బిగించాలి. పెట్టెను ద్వారం వైపు కొద్దిగా వాల్చితే లోపల చేరిన నీరు బయటికి జారుతుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు పల్లంలో ఉన్న ఒక పెట్టె నా కళ్ళ ముందే తేలింది. అప్పటి నుంచి స్టాండు కింద రెండు వరసల ఇటుకలు పేర్చి ఎత్తు పెంచాను. ముసురు పట్టిన రోజుల్లో ఎంత ఆత్రంగా ఉన్నా మూత తెరవవద్దు. పెట్టె పక్కకు చెవి ఆనిస్తే లోపల సన్నటి ఝుంకారం ఒకే తీరుగా వినబడుతుంది, అది చాలు. వాన వెలిసి ఎండ కాసిన ఉదయం ద్వారం దగ్గర పావుగంట కూర్చోండి. కాళ్ళకు పుప్పొడి ముద్దలతో కూలి ఈగలు నిమిషానికి పది, పదిహేను లోపలికి వెళుతుంటే లోపల పిల్లలు ఉన్నాయని, రాణి పనిలో ఉందని అర్థం, ఆ వారం కూడా పెట్టె తెరవనవసరం లేదు. పుప్పొడి లేకుండా ఈగలు ఊరికే వచ్చిపోతుంటే మధ్యాహ్నానికల్లా మూత తీసి గుడ్ల కోసం వెతకండి.